మోటుపల్లి: రాయి ఇచ్చిన మాట

తుపాను రాత్రి ఓడ ఒకటి బద్దలైందనుకోండి. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట. చెక్క పలక పట్టుకుని ఎలాగో ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుడు తెల్లారి కళ్లు తెరిచేసరికి తన సరుకు ఇసుక మీద చెల్లాచెదురుగా పడి ఉంది. తడిసిన పట్టు మూటలు, గంధపు దుంగలు, ఈదుకుంటూ ఒడ్డెక్కిన గుర్రం ఒకటి. పోయింది పోగా ఇదైనా మిగిలిందని ఊపిరి పీల్చుకునేలోపే రాజుగారి మనుషులు వచ్చేవారు. ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఏదైనా సరే రాజుకే చెందుతుంది. సముద్రం సగం దోచుకుంటే మిగతా సగాన్ని నేల దోచుకునేది. మన కోస్తాలోనే కాదు, అప్పట్లో లోకంలో చాలా తీరాల్లో ఇదే రివాజు.

ఆ రివాజును ఇక పాటించబోమని ఒక రాజు రాతి మీద చెక్కించి చెప్పిన ఊరు మోటుపల్లి.

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది ఈ ఊరు. చీరాల నుంచి వేటపాలెం మీదుగా వెళ్లొచ్చు. రైల్లో వచ్చేవాళ్లు చినగంజాంలో దిగొచ్చు. ఆ దారంతా ఉప్పు మళ్లు. ఎండాకాలం ముదిరాక వెళితే తెల్లటి ఉప్పు కుప్పలు తాటాకులు కప్పుకుని వరసగా కనిపిస్తాయి. గాలిలోనే ఉప్పు రుచి తెలుస్తుంది. పక్కనే ఉన్న ఊరి పేరు ఉప్పుగుండూరు. ఈ నేల ఏం పండిస్తుందో పేర్లే చెబుతాయి. ఇంకాస్త ముందుకు పోతే తాటితోపులు, జీడిమామిడి, ఇసుక. ఆ ఇసుక నేల మధ్య వీరభద్రస్వామి గుడి. కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీస్తు శకం 1244లో వేయించిన అభయ శాసనం అక్కడి రాతి స్తంభం మీద ఉంది.

నేను వెళ్లింది ఒక ఉదయం పూట. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే రాతి మీద అక్షరాలు బాగా కనిపిస్తాయి. నడినెత్తికొస్తే గాట్లు వెలుగులో కలిసిపోతాయి. సంస్కృతం, తెలుగు రెండూ ఉన్నాయి. కొన్ని అక్షరాలను ఇట్టే గుర్తుపట్టొచ్చు, కొన్నిటి దగ్గర వేలు ఆగిపోతుంది. అక్షరం లోతుగా చెక్కిన చోట వేలి కొన దిగుతుంది. ఉలి పట్టిన శిల్పి మణికట్టు ఎటు తిరిగిందో అక్కడ తెలుస్తుంది. అతని పేరు మనకు తెలియదు. కానీ అతను చెక్కిన మాట చదవగలుగుతున్నాం.

ప్రాణం కన్నా ధనం మీదే ప్రాణం

శాసనం సారాంశం ఇది. ద్వీపాల నుంచి, దూర దేశాల నుంచి, పట్టణాల నుంచి సముద్రం మీద వచ్చేపోయే వర్తకులందరికీ రాజు అభయమిస్తున్నాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయల్దేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డున పడితే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. సముద్రయానం ప్రాణాంతకమని తెలిసీ, ప్రాణాల కన్నా ధనమే మిన్న అనుకుని బయల్దేరిన వాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలిందంతా వాళ్లకే వదిలేస్తున్నామంటాడు గణపతిదేవుడు.

ఎన్నిసార్లు చదివినా నన్ను ఆపేసేది ఆ ప్రాణాల మాటే. వర్తకుడంటే ఆశపోతు అని తిట్టిపోయడం సులువు. ఈ రాజు తిట్టలేదు. ప్రాణానికి తెగించి వచ్చాడంటే అతని వెనక ఏదో ఉందని అర్థం చేసుకున్నాడు. అప్పులు తెచ్చి సరుకు ఎక్కించినవాడు కావచ్చు. ఇంటిల్లిపాదీ దారి చూస్తున్నవాడు కావచ్చు. పోగొట్టుకున్నవాడి దగ్గర ఇంకా లాక్కోవడం తప్పని ప్రభుత్వమే పాత ప్రభుత్వాల తప్పు ఒప్పుకుని రాసిన కాగితం లాంటిది ఈ రాయి.

మాట చెప్పి ఊరుకోలేదు. సుంకం ఎంతో కూడా చెక్కించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటో వంతు. తర్వాత సరుకు సరుకుకూ లెక్క, అప్పటి నాణేల్లో. గంధానికి తుల ఒక్కింటికి ఒక గద్యాణం, పావు పణం. పోకచెక్కలు లక్షకు ఒక గద్యాణం, మూడుంపావు పణాలు. ఆ జాబితాలో కర్పూరం ఉంది, చీనా కర్పూరం ఉంది, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు ఉన్నాయి. ఇవాళ్టి ధరల పట్టికలాగా రేవులో దిగిన ప్రతివాడూ చూసుకునేట్టు. సుంకరి ఎక్కువ అడిగితే వేలు పెట్టి చూపించడానికి రాయి ఉంది. అక్షరం రానివాడికి చదివి చెప్పే మనిషి రేవులో దొరక్కపోడు.

దయ ఒక్కటే కారణమని నేను చెప్పను. కాకతీయులు మెట్ట ప్రాంతం వాళ్లు. ఓరుగల్లుకు సముద్రం చాలా దూరం. యుద్ధానికి గుర్రాలు కావాలి, మంచి గుర్రాలు ఓడల మీదే రావాలి. కోస్తాను గెలుచుకున్న గణపతిదేవుడు దివిసీమను ఏలిన అయ్య వంశంతో వియ్యమందాడు, ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. వాళ్ల సోదరుడే నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని. సముద్రం సంగతి తెలిసిన చుట్టాలు ఇంట్లోనే ఉన్నారన్నమాట. భయపడ్డ ఓడ మరో రేవుకు పోతుందని, పోతే ఖజానాకు నష్టమని ఆ రాజుకు తెలుసు. అయినా సరే, లాభం చూసుకుని చేసిన మేలు కూడా మేలే. రెండు వందల ఏళ్ల తర్వాత, 1440ల్లో హెరాత్ నుంచి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, మిగతా రేవుల్లోలా దారి తప్పి వచ్చిన ఓడను కాలికట్‌లో దోచుకోరని ప్రత్యేకంగా రాసుకున్నాడు. అంటే అప్పటికి కూడా అది చెప్పుకోదగ్గ వింతేనన్నమాట. మన తీరంలో ఆ మాట 1244 నాటికే రాతికెక్కింది.

దేశాలు కలిసిన ఇసుక

శాసనంలో ఈ ఊరికి ఇంకో పేరు ఉంది: దేశియుయ్యకొండపట్టణం. ఉయ్యకొండ అన్నది చోళుల బిరుదుల్లో వినిపించే మాట. కాకతీయుల కన్నా ముందే ఇక్కడ చోళుల నీడ పడిందని, అరవ వర్తకుల రాకపోకలు ఉన్నాయని ఆ పేరే చెబుతుంది. ఈ చుట్టుపక్కల చీనా పింగాణీ పెంకులు దొరికాయి. చైనాలో కుమ్మరి చేతి నుంచి బయల్దేరిన గిన్నె ఒకటి ఎన్ని చేతులు మారి ఈ ఇసుకలో పగిలిందో ఊహించుకోండి.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 1290ల్లో ఈ తీరం గురించి చెప్పిన రాజ్యం పేరు ముత్‌ఫిలి. అది మోటుపల్లేనని పండితుల నిర్ణయం. అక్కడ ఒక రాణి నలభై ఏళ్లుగా ఏలుతోందని, న్యాయం తప్పదని, ప్రజలకు ఆమె అంటే ఎంతో ప్రేమని చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవి. అయితే ఆమె గత రాజు భార్య అనుకున్నాడు పోలో. కూతురన్న సంగతి అతనికి అందలేదు. నిజానికి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ 1289 నాటికే కన్నుమూసింది. చనిపోయిన రాణి మంచితనం రేవుల్లో ఇంకా మాట్లాడుకుంటున్నారని దీన్ని బట్టి నేను అర్థం చేసుకుంటాను.

పోలో వజ్రాల గురించి చెప్పాడు. లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడివేనన్నాడు. నాకు ఎక్కువ నచ్చింది బట్టల సంగతి. ఇక్కడ నేసే సన్నని బట్ట సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి సంతోషించని రాజు గానీ రాణి గానీ ఉండరని అన్నాడు. ఈ మాట చదివాక చీరాల, వేటపాలెం సందుల్లో మగ్గం చప్పుడు విన్నవాడికి ఒళ్లు పులకరిస్తుంది. ఆనాటి మగ్గానికీ ఈనాటి మగ్గానికీ తెగని దారం ఒకటుందని నిరూపించలేను. కానీ ఈ తీరం నేత ఎరిగిన తీరం. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు పడుగు మీద నీళ్లు చిలకరించి, రెండు వేళ్ల మధ్య పోగును పట్టి చూసుకుని, తెగిందని కనిపెట్టి, కంటికి ఆనని ముడి వేసి మళ్లీ నాడె విసరడం నా ఎదురుగానే చూశాను. మొత్తం పని ఒక గుక్క నీళ్లు తాగినంతసేపు. శాసనాల్లో పట్టునూలు మీద సుంకం ఉంది. ఆ నూలుతో నేసిన మనిషి పేరు లేదు.

ఇది మోటుపల్లి చరిత్రలో పెద్ద లోటు. రాళ్ల మీద రాజులున్నారు, వర్తకులున్నారు. తెడ్డు వేసినవాళ్లు, మూటలు మోసినవాళ్లు, ఉప్పు కొట్టినవాళ్లు, వాళ్లకు గంజి కాచిపోసిన ఆడవాళ్లు లేరు. సరుకు పేర్లు చదువుతున్నప్పుడు పక్కన ఆ చేతుల్ని కూడా తలుచుకోవాలి.

ఇరవై ఏళ్ల అలజడి

1303 నుంచి 1323 దాకా ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లు మీదికి మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకసారి ఓడిపోయాయి, ఇంకోసారి కప్పం పట్టుకుపోయాయి. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలూగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ఆయన నర్మదా తీరంలో ప్రాణం విడిచాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఎవరికి పన్ను కట్టాలి, ఎవరి మాట చెల్లుతుంది, నిన్నటి అగ్రహారం ఇవాళ ఎవరిది, గుడి మాన్యం మీద పంట ఎవరు కోసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు లేని కాలం అది. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఆ రోజుల్ని వర్ణిస్తుంది. రైతు పండించింది రైతుకు దక్కలేదని, ఎవరూ దేన్నీ ఇది నాది అనుకోలేకపోయారని చెబుతుంది. రాజు ఎత్తు కనిపించాలంటే ముందు చీకటి దట్టంగా చూపించాలన్నది ఆస్థాన కవుల పద్ధతి. ఆ మేరకు కొంత తగ్గించుకుని చదువుకోవాలి. ఎంత తగ్గించుకున్నా ఇది నాది అనుకోలేని స్థితి అన్న మాట మాత్రం తగ్గదు. రాజులు మారితే ఇంటివాడికి జరిగేది అదే.

ఆ శిథిలాల మీదే చిన్న చిన్న నాయకులు లేచారు. ఈ తీరంలో లేచినవాడు ప్రోలయ వేమారెడ్డి, 1325 ప్రాంతంలో, అద్దంకి రాజధానిగా. ఎర్రాప్రగడ హరివంశం అంకితం పుచ్చుకున్నది ఈయనే. శ్రీశైలానికి మెట్లు కట్టించిందీ ఈయనే. ఇవాళ్టికీ ఆ కాలిబాటన కొండెక్కే భక్తులకు ఆయన పేరు తెలియకపోయినా పాదాలకు ఆయన పని తెలుసు. తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లిని గెలిచాడు. రెడ్లకు సముద్రపు వాకిలి తెరుచుకుంది.

వాకిలి తెరవగానే చుట్టాలు రారు. వ్యాపారం ఒకసారి బెదిరితే పావురాల గుంపులా లేచిపోతుంది. మళ్లీ వాలాలంటే చప్పుడు చేయకుండా కొన్నాళ్లు గింజలు చల్లాలి. ప్రోలయ వేముని కొడుకు అనపోతారెడ్డి చేసింది అదే. రాజధానిని కొండవీటికి మార్చిన రాజు ఈయన. 1358లో ఇదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. తమిళంలో కూడా చెక్కించాడు. ఎవరికి చెప్పాలో వాళ్ల భాషలోనే చెప్పాలన్న తెలివి అది.

వచ్చి ఇక్కడ కాపురం ఉండాలనుకునే వర్తకులను ఆదరిస్తాం, ఇంటికి స్థలం ఇస్తాం. వెళ్లిపోతామంటే ఆపం. తెచ్చిన సరుకు ఎవరికి అమ్ముకున్నా సరే, మాకే అమ్మాలని బలవంతం లేదు. బంగారం, వెండి మీద సుంకం తీసేశాం. గంధం మీద మూడో వంతు తగ్గించాం. ఇదీ శాసనం చెప్పేది. వెళ్లిపోయేవాణ్ణి ఆపమన్న మాట దగ్గర ఒక్క క్షణం నిలవండి. రమ్మని పిలవడం అందరూ చేస్తారు. పోతానంటే పోనిస్తామని ముందే మాటిచ్చినవాడి గుమ్మం తొక్కడానికే ఎవరికైనా ధైర్యం వస్తుంది.

ఇంకో వరం ఉంది. అది చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. కొడుకు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజుకు చెందడం అప్పటి ఆచారం. దాన్నే అపుత్రిక దండం అనేవారు. అనపోతారెడ్డి ఈ వర్తకులకు దాన్ని మాఫీ చేశాడు. ఎక్కడో కాయల్‌పట్టణంలోనో ఇంకో దీవిలోనో భార్యను, ఆడపిల్లలను వదిలి వచ్చినవాడు ఇక్కడ జ్వరమొచ్చి పోయాడనుకోండి. శవానికి నిప్పు పెట్టేవాళ్లు కూడా పరాయివాళ్లే. కొట్లో ఉన్న సరుకు, పెట్టెలో ఉన్న గద్యాణాలు రాజభటులు జప్తు చేస్తే, ఏడాది తర్వాత కబురందిన ఆ ఇంటికి అందేది కబురు ఒక్కటే. ఆ భయం ఉన్నవాడు ఊపిరి బిగబట్టుకుని బతుకుతాడు, సంపాదించింది దాస్తాడు, ఊళ్లో వేరు దింపడు. ఇక్కడ చచ్చినా నా వాళ్లకు అన్యాయం జరగదన్న నమ్మకం కుదిరాకే మనిషి ఒక ఊరిని తన ఊరనుకుంటాడు. పొట్ట చేతపట్టుకుని దుబాయ్, కువైట్ వెళ్లిన మన గల్ఫ్ కార్మికుల ఇళ్లలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

కర్పూరపు పండగ, రూక భోజనం

అనపోతారెడ్డి కొడుకు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపిన రాజు. కర్పూరం చల్లి ఆడిన పండగల వల్లే ఆయనకు కర్పూర వసంతరాయలన్న పేరు వచ్చింది. ఆ పండగకు సరుకు సమకూర్చిన సెట్టి అవచి తిప్పయ. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈ వర్తకుడికే. కావ్యం ఒక వ్యాపారికి అంకితం కావడమే కాలం మారిందనడానికి గుర్తు. తిప్పయసెట్టి ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెప్పించాడో శ్రీనాథుడు పద్యంలో వరసపెట్టి చెప్పాడు. పంజార కర్పూరం, సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, గోవ జవాది, భోట దేశం కస్తూరి, చీనా పట్టు. హురుమంజి అంటే పారశీక సముద్రపు హోర్ముజ్. ఇవి ఏ రేవులో దిగాయో పద్యం చెప్పదు. కొండవీటి రాజ్యానికి పేరున్న రేవు మాత్రం మోటుపల్లి.

ఆ రోజుల్లో జనం ఏం తిన్నారు, ఎలా తిరిగారు అన్నది తెలుసుకోవాలంటే శాసనాలు వదిలి క్రీడాభిరామం పట్టుకోవాలి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వెలికితీసి అచ్చేయకపోతే మనకు దక్కేది కాదు ఆ పుస్తకం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ల పోరు చూస్తారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే వింటారు. ఆకలేస్తే పూటకూళ్లింటికి పోతారు. లక్ష్మణ వజ్ఝల ఇంట ఒక్క రూకకు కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పప్పు, నాలుగైదు కూరలు, పెరుగుతో కడుపారా భోజనం. డబ్బు పడేస్తే ఎవరికైనా విస్తరి వేసే ఇల్లు నడుస్తోంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల కన్నా ఇలాంటి విస్తళ్లనే ఎక్కువ పట్టించుకున్నారు. ఆ చూపు మనకు నేర్పినందుకు ఆయనకు ఎంత రుణపడినా తక్కువే.

అయితే ఆ విస్తరి అందరిదీ కాదు. అదే శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాడు జొన్నన్నం మీద విసుగు వినిపిస్తుంది. వరి లేదు, సన్నన్నం సున్నా. కాలువ కింద ఊరు ఒక రకం, మెట్ట ఊరు ఇంకో రకం. రాజులు ఈ తేడా ఎరగని వాళ్లేం కాదు. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి రాణి సూరమాంబ సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. 1409 నాటి ఫిరంగిపురం శాసనం ఆ చెరువు కబురు చెబుతుంది. బిడ్డల్లాగే చెరువు కూడా వంశాన్ని నిలబెడుతుందని నమ్మిన కాలం అది.

మాట తప్పిన చోట

కొండవీటి చివరి రాజు రాచవేమారెడ్డి. 1420 నుంచి 1424 దాకా, నాలుగేళ్లే ఏలాడు. పురిటి సుంకం వేశాడని, బిడ్డ పుడితే ఇంటికింత అని వసూలు చేయించాడని, ఆ కసి మీద సవరం ఎల్లయ అనే బంటు ఆయన్ను పొడిచి చంపాడని కొండవీటి కైఫీయతు కథ. కథలో ఎంత నిజముందోనన్న వాదాన్ని పక్కన పెడతాను. జనం ఏం గుర్తుపెట్టుకున్నారో చూడండి. మోటుపల్లిలో చావు మీద పన్ను తీసేసిన వంశం పురిటి మీద పన్ను వేసి పోయిందని గుర్తుపెట్టుకున్నారు. గెలిచిన యుద్ధాలు, చేసిన కర్పూర వసంతాలు ఆ జ్ఞాపకంలో వెనక్కి పోయాయి. బాలింత గుమ్మంలో నిలబడిన సుంకరి ఒక్కడే మిగిలాడు.

ఆ తర్వాత కొండవీడు చేతులు మారుతూనే ఉంది. విజయనగరం వాళ్లు, గజపతులు, 1515లో కృష్ణదేవరాయలు, చివరికి గోలకొండ. ప్రతిసారీ కోట తలుపులు బద్దలయ్యేవి, కింద పల్లెల్లో కొత్త కరణం కొత్త లెక్క తీసేవాడు. ఆ మార్పుల మధ్యలో నలిగినవాళ్లలో శ్రీనాథుడే ఉన్నాడు. పెదకోమటి వేముని కొలువులో విద్యాధికారిగా వెలిగిన మనిషి. విజయనగరంలో కనకాభిషేకం జరిగిందని చెప్పుకునే మనిషి. చివరి రోజుల్లో బొడ్డుపల్లి పొలాన్ని గుత్తకు తీసుకున్నాడట. నువ్వులు, పెసలు పిట్టలపాలు. మిగిలిన పైరు కృష్ణ వరదపాలు. ఏడు వందల టంకాల గుత్త కట్టలేక నడి ఎండలో బండ మోసే శిక్ష అనుభవించాడని ఆయన పేర ఉన్న చాటువులే చెబుతాయి. కౌలు రైతు కష్టం ఇంత సూటిగా చెప్పిన పాత తెలుగు పద్యాలు నేనెరిగినంతలో ఇంకెక్కడా లేవు. ఓడ పగిలిన వర్తకుడికి అభయమిచ్చిన రాయి ఈ తీరంలో ఉంది. పంట మునిగిన కౌలుదారుకు అలాంటి రాయి ఆ రోజుల్లో ఎవరూ వేయించలేదు. వేయించి ఉంటే గుత్త మాఫీ అన్న మాట కోసం ఆ ముసలి కవి ఎంత దూరమైనా నడిచి వెళ్లేవాడు.

మోటుపల్లి వెలుగు కూడా మెల్లగా ఆరిపోయింది. తర్వాతి కాలంలో గోలకొండ నీడన మచిలీపట్నం పెద్ద రేవైంది. ఓడలు అటు మళ్లాయి. ఇక్కడ ఇసుక మిగిలింది, గుడి మిగిలింది, వేటకు పోయే పడవలు మిగిలాయి. సముద్రం మాత్రం మారలేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కోతకొచ్చిన వరి నేలకొరిగింది. ఈ తీరంలో గాలివాన అంటే శాసనంలో చదువుకునే మాట కాదు, కిటికీ రెక్కలు బిగించుకుని తెల్లవార్లూ మేలుకుని గడిపే రాత్రి. ఆ రాత్రి తెల్లారాక వచ్చే మొదటి మనిషి లాక్కోవడానికి వస్తున్నాడా, ఆదుకోవడానికి వస్తున్నాడా అన్నదాని మీదే 1244లో ఒక రాజు తన కీర్తిని పందెం కాశాడు. ఆ పందెం ఆయన గెలిచాడని నేను గట్టిగా నమ్ముతాను. లేకపోతే ఏడు వందల ఎనభై ఏళ్ల తర్వాత ఆయన సుంకాల పట్టిక ముందు నిలబడి ఇలా నా కళ్లు చెమర్చేవి కావు.

ఆదివారాలు సముద్ర స్నానానికి చీరాల వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. వాడరేవులో అలల్లో ఆడుకుని, చేపల వేపుడు తిని తిరుగు బండి ఎక్కుతారు. వాడ అంటే పాత తెలుగులో ఓడ. ఆ పేరు పలుకుతున్నవాళ్లంతా ఓడల మాటే పలుకుతున్నారు. ఈసారి వచ్చినప్పుడు ఒక పూట మిగుల్చుకుని మోటుపల్లి దాకా వెళ్లండి. పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళే వెళ్లండి. ఈ చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నాదొక విన్నపం. ఏడాదికి ఒక్కసారైనా మీ పిల్లల్ని ఆ స్తంభం ముందు కూర్చోబెట్టి, ఓడ పగిలిన మనిషి సరుకు అతనికే వదిలేస్తామని అందులో రాసి ఉందని నేటి తెలుగులో చదివి వినిపించండి.